రికెట్స్ గ్లెన్‌లో మూడు రోజులు: ఇరవై రెండు జలపాతాల దారి

రికెట్స్ గ్లెన్ స్టేట్ పార్క్ పెన్సిల్వేనియా ఈశాన్యంలో, బ్లూమ్స్‌బర్గ్‌కి 30 మైళ్ల ఉత్తరాన ఉంది. అక్కడ ఒకే వాగు తాలూకు రెండు పాయలు రెండు కోనల గుండా దిగి ‘వాటర్స్ మీట్’ అనే చోట కలుస్తాయి. పడమటి కోన పేరు గనోగా గ్లెన్, తూర్పుది గ్లెన్ లీ. కలిశాక ఆ నీళ్లు కిచెన్ క్రీక్‌గా కిందికి సాగుతాయి. ఈ మూడింటినీ చుట్టి వచ్చే కాలిబాటే ఫాల్స్ ట్రయల్. పేర్లున్న జలపాతాలు 22. వాటిలో 21 ఈ బాట మీదే కనిపిస్తాయి. మిగిలిన ఒక్కటి, ఆడమ్స్ ఫాల్స్, రోడ్డుకి అవతల ఉంది. మొత్తం చుట్టు 7.2 మైళ్లు, అంటే దాదాపు పదకొండున్నర కిలోమీటర్లు.

చాలామంది పైన లేక్ రోజ్ దగ్గర కారు ఆపి, రెండు కోనలనీ మాత్రమే చుట్టే చిన్న దారి పట్టుకుంటారు. అది మూడు మైళ్లకి కొంచెం ఎక్కువ. టైం లేనివాళ్లకి అదే మేలు. కానీ ఆ దారిలో ముందు దిగి, కాళ్లు అలిసిపోయాక ఎక్కాలి. కింద 118వ నంబరు రోడ్డు దగ్గర మొదలుపెడితే ఎక్కుడంతా పొద్దున్నే అయిపోతుంది. పైగా జలపాతం ఎప్పుడూ ఎదురుగా, మొత్తంగా కనిపిస్తుంది. దిగేటప్పుడైతే దాని నెత్తి మీదికి చేరి, పక్కగా దిగాకే దాన్ని చూడగలం. అన్నిటికంటే ముఖ్యంగా, తడి రాతిమెట్లు ఎక్కడం కంటే దిగడం ప్రమాదం. గ్లెన్ లీ ఇరుకుగా, నిటారుగా ఉంటుంది. అందుకే గ్లెన్ లీలో ఎక్కి గనోగాలో దిగాలి. ఈ ప్రయాణం అంతా ఆ లెక్క మీద వేసిందే.

బయల్దేరే ముందు ఒక పని తప్పనిసరి. ఇటీవలి ఏళ్లలో మెట్లు, వంతెనలు బాగుచేయడానికి ఈ బాటని విడతలవారీగా మూశారు. ఒక్క కోన మూసినా చుట్టు పూర్తికాదు. రెండో కోనలోనే ఎక్కి, వచ్చిన దారినే దిగాలి. పార్క్ వెబ్‌సైట్‌లో ఆ వారం ఏది తెరిచి ఉందో చూసుకుని బయల్దేరండి. అక్కడికి చేరాక ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు. మ్యాప్ ముందే దించుకోవాలి, వీలైతే కాగితం మీద కూడా ఒకటి ఉంచుకోవాలి.

మొదటి రోజు: దారి, బస, ఆడమ్స్ ఫాల్స్

న్యూజెర్సీలో ఎడిసన్ చుట్టుపక్కల నుంచి వచ్చేవాళ్లకి ఐ-80 మీదుగా సుమారు మూడు గంటల డ్రైవ్. ఫ్రీవే దిగాక పెట్రోలు, పాలు, ఐసు, ఏవైనా మర్చిపోయిన సరుకులు బెంటన్‌లో కొనేసుకోవాలి. అక్కడి నుంచి 487వ నంబరు రోడ్డు ఉత్తరానికి వెళ్లి రెడ్ రాక్ దగ్గర 118ని తాకుతుంది. 118 మీద తూర్పుగా తిరిగితే కింది ట్రయల్‌హెడ్, అంటే బాట మొదలయ్యే చోటు వస్తుంది. 487 మీదే నేరుగా పైకి ఎక్కితే లేక్ జీన్, క్యాంప్‌గ్రౌండ్ వస్తాయి. ఆ ఎక్కుడు సుమారు 18 శాతం వాలు. ట్రైలర్ లాగుతున్నవాళ్లు అటు ఎక్కకూడదు. ఉత్తరాన దుషోర్ వైపు నుంచి చుట్టు తిరిగి రావాలి. మామూలు కారుకి ఇబ్బంది లేదు కానీ, దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు ఉంచకుండా లో గేర్‌లో దిగాలి.

పార్క్‌కి ప్రవేశ రుసుము లేదు, పార్కింగ్ కూడా ఉచితమే. క్యాంప్‌సైట్లు, క్యాబిన్లు మాత్రం నెలల ముందే అయిపోతాయి, అక్టోబరు వారాంతాలు మరీను. పెన్సిల్వేనియా స్టేట్ పార్కుల్లో మద్యం నిషేధం. వంటచెరకు ఇంటి నుంచి మోసుకురాకూడదు, అక్కడే కొనుక్కోవాలి. కట్టెల్లో దాగిన పురుగులు ఈ అడవిలో చేరితే చెట్లే పోతాయి. అది ఊహ కాదు: ఈ కోనల్లోని హెమ్‌లాక్ చెట్లని ఊలీ అడెల్జిడ్ అనే బయటి దేశపు పురుగు ఇప్పటికే పట్టి పీడిస్తోంది.

ఇక్కడ నల్ల ఎలుగుబంట్లు తిరుగుతాయి. పోపు వాసన వచ్చే గిన్నె, ఆవకాయ సీసా, సబ్బు, టూత్‌పేస్ట్, చివరికి పిల్లల బిస్కెట్ పొట్లం కూడా రాత్రి టెంట్‌లో ఉండకూడదు. అన్నీ కారులో పెట్టి అద్దాలు ఎత్తి తాళం వేయాలి. తిన్న ఆకులూ కంచాలూ అప్పటికప్పుడే చెత్తడబ్బాలో వేసేయాలి.

టెంట్ వేశాక సాయంత్రానికి కిందికి దిగి 118 దగ్గర ఎవర్‌గ్రీన్ ట్రయల్ చుట్టి రండి. ఒక మైలు దారి, పెద్ద ఎక్కుడు లేదు, నిలువెత్తు హెమ్‌లాక్‌ల కింద నడక. ఈ పార్క్‌లో 500 ఏళ్లు దాటిన చెట్లున్నాయి. ఆడమ్స్ ఫాల్స్ పార్కింగ్‌కి బాగా దగ్గర. 36 అడుగుల జలపాతం, దాని కింద రాతిని నున్నగా తొలిచిన గుండాలు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకి, ఆరేళ్ల లోపు పిల్లలకి ఇంతే చాలు. వాళ్లని మర్నాటి చుట్టులోకి తీసుకెళ్లవద్దు. స్ట్రోలర్ ఆ బాటలో ఒక్క అడుగు కూడా ముందుకెళ్లదు.

ఈ చిన్న నడకకి ఇంకో ప్రయోజనం ఉంది: బూట్ల పరీక్ష. నీళ్ల పక్కన తడిసిన ఒక చదును రాయి మీద నిలబడి, మెల్లగా బరువు ముందుకి వేసి చూడండి. అడుగు జారిందంటే ఆ జత రేపటికి పనికిరాదు. జిమ్ షూల చదునైన అడుగు, అరిగిపోయిన రన్నింగ్ షూలు, క్రాక్స్, చెప్పులు అన్నీ ఇక్కడ జారతాయి. అడుగున లోతు గాట్లు, మెత్తని రబ్బరు ఉన్న ట్రయల్ షూలు కావాలి. కొత్తవైతే ముందు రెండు వారాలు ఊళ్లో తొడిగి నడవాలి. లేకపోతే మడమ మీద బొబ్బలు ఖాయం.

రెండో రోజు: పూర్తి చుట్టు

ఏడింటికల్లా 118 పార్కింగ్‌లో ఉండాలి. వేసవి, అక్టోబరు వారాంతాల్లో ఆలస్యమైతే చోటు దొరకదు, మెట్ల దగ్గర ఎదురెదురు వరసలు కూడా మొదలవుతాయి. ఆగి చూస్తూ, ఫోటోలు తీస్తూ నడిస్తే ఆరు గంటలు పట్టే దారి ఇది.

సంచిలో ఏముండాలి? మనిషికి రెండు లీటర్ల నీళ్లు, జూలై, ఆగస్టుల్లో మూడు. మధ్యలో కుళాయి ఉంటుందనే లెక్క వేసుకోవద్దు, వాగు నీళ్లు వడపోయకుండా తాగొద్దు. మనిషికి పావుకిలో పులిహోర, రెండు చపాతీలు, ఒక అరటిపండు, రెండు పల్లీ చిక్కీలు, ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్. పెరుగన్నం ఎండాకాలం సంచిలో మధ్యాహ్నానికి పులిసిపోతుంది, పప్పన్నం కారిపోతుంది. పులిహోరే సరైనది. ఇంకా పల్చటి వానకోటు, జిప్‌లాక్‌లో ఒక జత అదనపు సాక్స్, క్రేప్ బ్యాండేజ్, ఈల, హెడ్‌ల్యాంప్. కాటన్ బట్టలు తడిస్తే ఆరవు, కోన నీడలో ఒళ్లు చల్లబడిపోతుంది. పాలియెస్టర్ చొక్కా, ఊలు కలిసిన సాక్స్ మేలు.

మొదటి మైలు పైచిలుకు చాలా సులువు. కిచెన్ క్రీక్ పక్కనే, వంతెనల మీద అటూ ఇటూ దాటుతూ సాగుతుంది. ఇక్కడ తొందరపడి నడిచేస్తే మంచిదే, టైం పైన కావాలి. తరవాత వరసగా ముర్రే రేనాల్డ్స్ (16 అడుగులు), షెల్డన్ రేనాల్డ్స్ (36), హారిసన్ రైట్ (27) వస్తాయి. హారిసన్ రైట్ దాటాక కాసేపటికి వాటర్స్ మీట్. పార్కింగ్ నుంచి ఇక్కడికి రెండు మైళ్లకి కొంచెం తక్కువ. దారి రెండుగా చీలేది ఇక్కడే. కుడిచేతి వైపు గ్లెన్ లీ. గుంపుగా వెళ్తే ఇక్కడ ఆగి అందరినీ లెక్కపెట్టుకోవాలి. వెనకబడినవాళ్లు పొరపాటున గనోగా వైపు ఎక్కేస్తే కలుసుకునేది ఇక పైనే. నడక తెలిసినవాళ్లలో ఒకరు ముందు, ఒకరు అందరికంటే వెనక ఉండటం మంచి పద్ధతి.

గ్లెన్ లీలో ఎనిమిది జలపాతాలు: వయాండాట్ (15), బి. రేనాల్డ్స్ (40), ఆర్.బి. రికెట్స్ (36), ఓజోన్ (60), హ్యూరాన్ (41), షానీ (30), ఎఫ్.ఎల్. రికెట్స్ (38), ఒనండాగా (15). కొన్ని తెల్లటి పరదాలా ఒక్క ఊపున పడతాయి, కొన్ని చిన్న చిన్న మెట్ల మీద పరుచుకుంటూ దిగుతాయి. ఈ తేడా రాతిలో ఉంది. పైన గట్టి ఇసుకరాయి పలక, కింద షేల్ అనే మెత్తటి ఎర్ర మట్టిరాయి ఉన్నచోట నీళ్లు కింది రాతిని తొలిచేస్తాయి. పైపలక చూరులా ముందుకి పొడుచుకొచ్చి నీళ్లు నిట్టనిలువునా పడతాయి. మొత్తం గట్టి రాతిపొరలే ఉన్నచోట పొరకో మెట్టు ఏర్పడుతుంది. పరదాలా పడే జలపాతం కింద లోతైన గుంట ఉంటుంది. ఎంత అందంగా కనిపించినా కోనల్లో ఈతకి దిగకూడదు, పార్క్ నిబంధన అది. ఈత కావాలనుకుంటే వేసవిలో లేక్ జీన్ బీచ్ ఉంది.

ఇప్పుడు నీళ్లు దాటే సంగతి. వాగు మీద పెద్ద దాటుళ్లన్నిటికీ వంతెనలున్నాయి. ఇబ్బంది వంతెన దగ్గర కాదు, దానికి అటూ ఇటూ. పక్క గట్ల నుంచి ఊటకాలువలు బాటకి అడ్డంగా పారతాయి. జలపాతం తుంపర మెట్ల మీద పడి నాచు పడుతుంది. వానలు పడ్డ మర్నాడు వాగు పక్కనున్న మెట్ల మీదుగానే నీళ్లు పారతాయి. కోన లోతుగా, నీడగా ఉండటంతో ఎండ కాసే రోజుల్లో కూడా ఈ రాళ్లు ఆరవు.

రాయిని చూసి అడుగు వేయడం నేర్చుకోవాలి. బూడిదరంగులో గరుకుగా కనిపించే రాయి నమ్మదగ్గది. నల్లగా నిగనిగలాడేది నాచు పట్టిన రాయి. దాని మీద అడుగు వేయక తప్పకపోతే పాదం మొత్తం చదునుగా ఆనించాలి. మడమ ముందు ఆనితే జారేది అప్పుడే. బెరడు ఊడిన తడి వేరు రాయి కంటే ప్రమాదం, దాని మీద అడుగు వేయకుండా దాటాలి. మెట్టు అంచున కాకుండా నడిమధ్యన నిలబడాలి. చెయ్యి ఆనించాలంటే కొండ వైపు ఆనించండి, వాగు వైపు కొమ్మని నమ్ముకోవద్దు. చేతికర్రలున్నవాళ్లకి ఒక మాట: ఇనుప మొన తడిరాతి మీద జారుతుంది, రబ్బరు టోపీ తొడగాలి. బాగా నిటారు మెట్ల దగ్గర కర్రలు మడిచి సంచికి కట్టేసి చేతులు ఖాళీగా ఉంచుకోవడమే క్షేమం.

బాట మీదుగా నీళ్లు పారుతుంటే ముందు ఆగి నీళ్ల అడుగు కనిపిస్తోందా చూడండి. నీళ్లు తేటగా ఉండి చీలమండ దాటకపోతే నెమ్మదిగా దాటొచ్చు. సంచికున్న నడుము బెల్టు విప్పుకోవాలి, పడితే సంచి వదిలేయగలగాలి. ముఖం ప్రవాహానికి ఎదురుగా, కొంచెం వంగి, ఒక పాదం కుదురుకున్నాకే రెండోది కదపాలి. పాదం ఎత్తి వేయకుండా ఈడుస్తూ పక్కకి జరగాలి. బూట్లు తడుస్తాయని విప్పేయకండి. కాళ్లు తడిసినా పరవాలేదు, వట్టికాళ్లతో రాయి మీద పట్టు దొరకదు. నీళ్లు గోధుమరంగుకి తిరిగినా, మోకాలి దాకా వచ్చినా, కింద ఒక జలపాతం ఉన్నా ఇక దాటకూడదు, వెనక్కి తిరగాలి. ఇలాంటి చిన్న వాగులు ఎంత త్వరగా పొంగుతాయో అంత త్వరగా తగ్గుతాయి. పెద్ద వాన తరవాత ఒక రోజు ఆగితే చాలావరకు సర్దుకుంటుంది. అందుకే మూడు రోజుల ప్రయాణం పెట్టుకోవడం. రెండో రోజు వానొస్తే చుట్టుని మూడో రోజుకి జరుపుకోవచ్చు.

ఎవరికైనా కాలు బెణికితే వెంటనే బూటు విప్పొద్దు, వాపొస్తే మళ్లీ ఎక్కదు. బూటు మీదుగానే బ్యాండేజ్ గట్టిగా చుట్టి, దగ్గరి పార్కింగ్ పైనో కిందో చూసుకుని నడవాలి. నడవలేని మనిషిని స్ట్రెచర్ మీద మెట్లన్నీ మోసుకుపోవాల్సిందే, ఇక్కడికి బండి రాదు, గంటలు పడుతుంది. జలపాతం నెత్తి మీద అంచుదాకా వెళ్లి సెల్ఫీ తీసుకోవడం, దారి తప్పించి గట్టు కోసుకు దిగడం, ఈ రెండూ చేయకపోతే చాలా ప్రమాదాలు మీ దగ్గరికే రావు.

ఫోటోల కోసం మబ్బు రోజే మంచిది. ఎండ పడితే నీళ్లు తెల్లగా మాడిపోతాయి. లెన్స్‌కి పోలరైజర్ (మెరుపు తగ్గించే ఫిల్టర్) పెట్టి, పావు సెకను నుంచి ఒక సెకను దాకా షట్టర్ ఉంచితే చాలు, అంతకు మించితే నీళ్లు పొగలా మారి రూపం పోతుంది. ట్రైపాడ్ ఇరుకు మెట్ల మీద పెట్టి దారి ఆపకండి.

ఒనండాగా దాటాక పైకి చేరినట్టే. ఇక్కడి నుంచి హైలాండ్ ట్రయల్, 1.2 మైళ్లు, దాదాపు చదును. ఊపిరి పీల్చుకోవడానికీ పులిహోర పొట్లం విప్పడానికీ ఇదే చోటు. దారిలో మిడ్‌వే క్రెవాస్ వస్తుంది, పెద్ద పెద్ద రాతిబండల మధ్య ఇరుకు సందు. పిల్లలకి ఇది జలపాతాలతో సమానంగా నచ్చుతుంది.

ఈ మెట్లు ఎవరు కట్టారో తెలుసుకుని నడిస్తే కాలికింది రాయి మీద గౌరవం పెరుగుతుంది. ఈ భూమి ఒకప్పుడు కర్నల్ ఆర్. బ్రూస్ రికెట్స్‌ది. 1863లో గెటిస్‌బర్గ్ యుద్ధంలో ఫిరంగిదళాన్ని నడిపిన మనిషి. మ్యాట్ హిర్లింగర్ అనే అతనూ మరో అయిదుగురూ కలిసి 1889 నుంచి 1893 దాకా ఈ బాటలూ మెట్లూ వేశారు. చుట్టుపక్కల కొండల మీది అడవిని కలప కోసం నరికేసిన రోజుల్లో కూడా ఈ కోనల్లోని చెట్లు మిగిలాయి. చాలా జలపాతాలకి ఇక్కడి ఆదివాసీ జాతుల పేర్లు, కొన్నిటికి రికెట్స్ కుటుంబం వాళ్లవీ స్నేహితులవీ పేర్లు పెట్టారు.

ఇక గనోగా గ్లెన్ దిగుడు. వరస ఇది: మోహాక్ (37), ఒనైడా (13), కయూగా (11), గనోగా (94), సెనెకా (12), డెలావేర్ (37), మోహికన్ (39), కానెస్టోగా (17), టస్కరోరా (47), ఈరీ (47). మొదటి మూడింటి దగ్గర ఎక్కువసేపు ఆగనక్కర్లేదు. 94 అడుగుల గనోగా అన్నిటిలోకీ ఎత్తైనది, అక్కడ ఎంతసేపున్నా తక్కువే. పై నుంచి చూసి వెళ్లిపోకండి, అడుగుదాకా దిగి తల ఎత్తి చూడాలి. మెట్టు మెట్టుకీ నీళ్లు ఎలా విడిపోయి మళ్లీ కలుస్తాయో అక్కడి నుంచే తెలుస్తుంది. దాని పక్క మెట్లు మాత్రం నిటారు. పక్కవాటుగా తిరిగి, ఒక్కో మెట్టుకి రెండు పాదాలూ ఆనించి దిగండి. పైకి వచ్చేవాళ్లు ఉంటే కొండ వైపు ఒదిగి వాళ్లని పోనివ్వాలి.

టస్కరోరా, ఈరీ దగ్గరికి వచ్చేసరికి మోకాళ్లు వణకడం మొదలవుతుంది. చాలామంది జారేది ఇక్కడే, కష్టమైన చోట కాదు. చిక్కీ ఒకటి తిని, పది నిమిషాలు కూర్చుని, అప్పుడు దిగాలి. ఈరీ దాటితే మళ్లీ వాటర్స్ మీట్, అక్కడి నుంచి పొద్దున వచ్చిన దారే.

కాలాల విషయం. మంచు కరిగే ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు పుష్కలం, రాళ్లు కూడా అంతే తడి. జూలై చివర నుంచి వానలు లేకపోతే జలపాతాలు సన్నబడిపోతాయి. అక్టోబరు మధ్యలో ఆకుల రంగులు చూడటానికి జనం పోటెత్తుతారు. అందం నిజమే కానీ రాలిన తడి ఆకులు మెట్ల అంచులని కప్పేస్తాయి, కర్రతో తడిమి అడుగు వేయాలి. చలికాలంలో బాట మొత్తం ఐసు పలక అవుతుంది. క్రాంపాన్లు (బూట్లకి తొడిగే ఇనుప ముళ్లు), ఐస్ యాక్స్, తాడు లాంటి సామగ్రి లేనివాళ్లని రానివ్వరు. మాకు నచ్చే కాలం మే నెల మూడో వారం నుంచి జూన్ మధ్య దాకా, వారం మధ్యలో.

మూడో రోజు: గ్రాండ్ వ్యూ, తిరుగుప్రయాణం

నిన్నటి నడకకి పిక్కలు పట్టేసి ఉంటాయి. అందుకే ఈ రోజు మెట్లు లేని దారి. గ్రాండ్ వ్యూ ట్రయల్ 1.9 మైళ్ల చుట్టు, రెడ్ రాక్ కొండ మీద పాత ఫైర్ టవర్ దాకా వెళ్తుంది. 2,449 అడుగుల ఎత్తు నుంచి చుట్టూ కొండలు కనిపిస్తాయి. జూన్‌లో మౌంటెన్ లారెల్ పూలు, జూలైలో బ్లూబెర్రీలు. ఇక్కడ ర్యాటిల్‌స్నేక్‌లు అనే విషపు పాములు ఉంటాయి, ఎండ కాగే బండల మీద చూడకుండా చెయ్యి వేయకూడదు. నడక వద్దనుకున్నవాళ్లకి లేక్ జీన్ ఒడ్డు చాలు. 245 ఎకరాల చెరువు, వేసవిలో పడవలు అద్దెకి దొరుకుతాయి.

టెంట్ తడిగా మడిస్తే ఇంటికి చేరాక వెంటనే విప్పి ఆరేయాలి, రెండు రోజుల్లో బూజు పడుతుంది. బూట్లలో పాత న్యూస్‌పేపర్ కుక్కి నీడలో ఆరబెట్టాలి. హీటర్ పక్కన పెడితే అడుగు అతుకు ఊడుతుంది.

కారెక్కే ముందూ, ఇంట్లో స్నానం చేసేటప్పుడూ టిక్స్ (ఒంటికి కరుచుకుని రక్తం పీల్చే చిన్న పురుగులు) కోసం ఒళ్లంతా వెతకాలి. లైమ్ జబ్బు తెచ్చే నల్లకాళ్ల టిక్ పిల్లదశలో గసగస గింజంత ఉంటుంది. మోకాళ్ల వెనక, గజ్జల్లో, చంకల్లో, బెల్టు కింద, జుట్టు మొదళ్లలో, పిల్లలకైతే చెవుల వెనక కూడా చూడాలి. కరుచుకుని ఉంటే సన్న మొన పట్టకారుతో చర్మానికి ఆనించి తల దగ్గర పట్టుకుని, మెలిపెట్టకుండా నిదానంగా నిటారుగా లాగాలి. నూనె పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు. ఇరవై నాలుగు గంటల్లో తీసేస్తే లైమ్ అంటుకునే అవకాశం బాగా తక్కువ. తీసిన తేదీ రాసిపెట్టుకోండి. మూడు నుంచి ముప్పై రోజుల లోపు ఆ చోట ఎర్రటి మచ్చ పెరుగుతూ వచ్చినా, జ్వరం, కీళ్లనొప్పులు వచ్చినా డాక్టర్‌కి ఆ తేదీ చెప్పి చూపించుకోవాలి.